జాబితాలో మూడో పేరు

ఆ ఏడు శివరాత్రి దాటకముందే బోర్లు గాలి కక్కాయి. స్విచ్చి వేస్తే మోటారు అరిచేది, పైపు రెండుసార్లు దగ్గేది, ఆపైన ఏమీ వచ్చేది కాదు. కంబైనల్లూరు వైపు నుంచి ట్యాంకరు తెప్పించి కింది కాలనీకి రెండు రోజులకొకసారి నీళ్లు పోయించేవాళ్లం. పోయించేవాళ్లం అంటే నేను. పంచాయతీ ఆఫీసు బోర్డు మీద పేరు మాత్రం నా భార్యది.

పాపక్క అప్పటికి మూడేళ్లుగా ఊరి ప్రెసిడెంటు. సీటు ఆడవాళ్లకు రిజర్వు అయింది. మాకు కొడుకు లేడు. ఒక్కతే కూతురు షర్మిళ, పెళ్లయి హోసూరులో ఉంది. ఇంట్లో మిగిలిన ఆడమనిషి పాపక్క. ఆమె చేత నామినేషను వేయించాను. గెలిచింది నేను. అది ఊరంతటికీ తెలుసు, దాచాల్సిన పని లేదు. మా తాత ఈ ఊరికి మునసబు. మా నాయన కృష్ణప్ప పదిహేనేళ్లు ప్రెసిడెంటు. నేను రెండుసార్లు. ఊరు నడపడం రక్తంలో ఉండాలని, లేనివాడికి ఎంత నేర్పినా రాదని నా నమ్మకం. ఆ నమ్మకం ఇప్పటికీ పోలేదు. ఎవరి రక్తం అన్న దగ్గరే పొరబడ్డాను.

పాపక్క అయిదో తరగతి దాకా చదివింది. మాది అరవనాడు, ఆఫీసు కాగితాలన్నీ అరవమే. అది కూడబలుక్కుని చదివేది. కుర్చీలో ఎలా కూర్చోవాలో నేనే చెప్పాను. ముందుకు వంగకూడదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకోకూడదు. ఎవడైనా గొంతు పెంచి అడిగితే వెంటనే జవాబు చెప్పకూడదు, లోపల మూడు లెక్కపెట్టి చెప్పాలి. ఆ మూడు లెక్కల్లో అడిగినవాడి గొంతు తనంతట తానే దిగుతుంది. అది మా నాయన కిటుకు. ఇన్ని చెప్పి కూడా, ఇవన్నీ పై పూతలేనని, లోపల సరుకు లేనిదే నిలవవని అనుకునేవాణ్ణి. సంతకం పెట్టే మనిషికి ఆ పూత చాలు.

* * *

ఉగాదికి నాలుగు రోజుల ముందు ట్యాంకరు ఒక పూట ఆలస్యంగా వచ్చింది. కాలనీ ఆడవాళ్లు మీద పడ్డారు. బిందెలు బిందెలకు తగిలి మోత. ఒకామె జుట్టు ఇంకొకామె చేతిలో ఉంది. నేను ట్రాక్టరు ఇంజను మీదికెక్కి అరిచాను. రెండుసార్లు ప్రెసిడెంటుగా చేసినవాణ్ణి, నా గొంతు ఊరి పొలిమేర దాకా వినబడుతుంది. ఒక్కరూ తల తిప్పలేదు.

పాపక్క ఇంటి నుంచి నడిచి వచ్చింది. అరవలేదు. ట్యాంకరు కుళాయి దగ్గర నిలబడి కుళాయి కట్టేసింది. నీళ్లు ఆగేసరికి అందరూ ఆమె వైపు చూశారు.

"మారియాయీ, నీవు ఆ కొస పట్టు. చంటిబిడ్డలుండేవాళ్లు ఈ పక్క రాండి. మాదమ్మాళ్‌కు నడుము సరిలేదు, దాని బిందెలు నింపి దాని వాకిట్లో పెట్టండి. ఆ జుట్టు విడువు, మళ్లా పట్టుకొందువు."

ఎవరో నవ్వారు. ఆమె కుళాయి తిప్పింది. పావుగంటలో ట్యాంకరు ఖాళీ, గొడవ లేదు.

నేను ఇంజను మీద నుంచి దిగాను. ఏదో ఒకటి అనాలి కదా.

"చూసినావా మారియాయీ, మీ ప్రెసిడెంటక్కకు పని పట్టుబడింది. మూడేండ్లు దగ్గరుండి నేర్పినాను."

మారియాయి మా పొలాల్లో ముప్పై ఏళ్లుగా కూలికి వచ్చే మనిషి. బిందె చంకకెత్తుకుంటూ నా వైపు చూసింది.

"మీరా అయ్యా? ముప్పై ఏండ్లుగా మమ్మల్ని కలుపుకు పిలిచింది అక్క కదా. నలబై మందిమి. ఎవురు ఏ సాలు పట్టాల, ఎవురికి కడుపు, ఎవురు వంగలేరు, ఎవురెవురికి మాటల్లేవు, అంతా ఆయమ్మే చూసె. మీరు గట్టు మింద గొడుగు పట్టుకొని నిలబడి ఉంటిరి."

"గొడుగు కూడా ఒకరు పట్టుకోవాల కదక్కా" అంది వెనక నుంచి ఇంకొకామె.

అందరూ నవ్వారు. పాపక్క నవ్వలేదు. నాకు కోపం వస్తుందని తెలుసు కాబట్టి నవ్వలేదు. ఆ నవ్వకపోవడమే నాకు ఎక్కువ మండింది.

* * *

ఉగాదికి షర్మిళ వచ్చింది. హోసూరులో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తుంది. పదిమంది మీద లైను లీడరుగా వేశారట. దానికి ముందు మూడు రోజులు శిక్షణ ఇచ్చారని భోజనాల దగ్గర చెప్పింది.

"మూడు దినాల్లో లీడరా?" అన్నాను. "మూడు దినాల్లో చీపురు కట్టేది కూడా సరిగ్గా రాదు."

"నేర్చుకొంటే వస్తాది నాయనా."

"రాదు. మీ తాత ఎవురి దగ్గర నేర్చుకొనె? నేను ఎవురి దగ్గర నేర్చుకొంటిని? అది పుట్టుకతో రావాల."

షర్మిళ చెయ్యి ఆపింది. "నీవు తాత దగ్గర నేర్చుకొంటివి. తాత పంచాయితీకి పోతే నిన్ను చాప మింద పక్కన కూర్చోబెట్టుకొనె. పన్నెండేండ్లప్పటి నుంచి కూర్చొని చూసినావు, నీవే చెప్పినావు. అత్తను కూర్చోబెట్టినాడా? ఆమె నీకంటే పెద్దది. రక్తం ఒకటే కదా నాయనా. నీకు దొరికింది రక్తం కాదు, చాప మింద చోటు."

నా చెల్లెళ్లు గానీ అక్క గానీ ఆ చాప మీద కూర్చోలేదు. నిజమే. మూడు లెక్కపెట్టి, నెయ్యి వెయ్యమని విస్తరి చూపించాను.

పాపక్క ఓళిగ మీద నెయ్యి వేస్తూ అంది. "చాప మింద కూర్చొన్నోళ్లందరికీ వచ్చెనా ఏమి? మీ చిన్నతాత కూడా ఆ చాప మిందనే కూర్చొనె."

"కూర్చొని?"

"నిద్రపోయె."

షర్మిళ పగలబడి నవ్వింది. పాపక్క నా పక్షాన మాట్లాడిందో, నా మీద మాట్లాడిందో నాకు అర్థం కాలేదు. విస్తట్లో ఓళిగ తిని లేచాను.

* * *

ఏప్రిల్ నడుమ పంచాయతీ కార్యదర్శి మణివణ్ణన్ ఇంటికి వచ్చాడు. చొక్కా లోపల నుంచి ఒక కాగితం తీశాడు. తాలూకా ఆఫీసువాళ్లు వంకలన్నీ కొలిచారు. కొండ నుంచి మా చెరువుకు వచ్చే వంకను ఎవరెవరు ఎంత కలుపుకున్నారో వరసగా రాశారు. తొమ్మిది పేర్లు. మా వీధి మాదేశన్ కొట్టం రెండు సెంట్లు. ఇంకొకడి గడ్డివాము ఒక సెంటు. అట్లాంటివి ఎనిమిది. మూడో పేరు నాది. డెబ్బై మూడు సెంట్లు.

తెలియని సంగతి కాదు. ఆ వంక పదహారడుగుల వెడల్పు ఉండేది. నా పెళ్లయిన ఏడాదికి మా నాయన పూడ్చాడు. ఆ ఏడే నేను అందులో కొబ్బరి మొక్కలు పెట్టాను. నలబై రెండు బతికాయి. వంక మా తోట పక్కన మూడడుగుల గాడి అయింది. ఆ తర్వాత చెరువు నిండలేదు. చెరువు నిండకపోతే కింది కాలనీ బావుల్లో ఊట ఉండదు. అదీ తెలుసు. తెలిసే ముప్పై ఏళ్లు కాయలు దింపుకున్నాను.

"మే ఒకటో తేదీ గ్రామసభలో దీన్ని చదవాల సార్" అన్నాడు మణివణ్ణన్. "చదివినోళ్లవి తీసేయమని తీర్మానం. దాన్లో పేరు రాకపోతే మళ్లా వేరే నోటీసు, వేరే విచారణ. పదేండ్లు పడతాది."

"ఒక పేరు విడిచిపెట్టు."

"నేను చదివితే తొమ్మిదీ చదవాల. ఆఫీసరు పక్కనే కూర్చోని ఉంటాడు. విడిచిపెడితే నా ఉద్యోగం పోతాది."

నేను ఆలోచించాను. ఎంతోసేపు పట్టలేదు. ఊరు నడిపినవాడికి ఇటువంటివి తడతాయి.

"నీవు చదవొద్దు. ప్రెసిడెంటు చదువుతాది."

మణివణ్ణన్ కాగితంలో నా పేరు మళ్లీ చూశాడు. తర్వాత అతనికి వెలిగింది.

"అక్క మీ పేరు చెప్పదు కదా."

"చెప్పదు."

"చదవనిది మినిట్సులో రాయను. కాగితం దిద్దినట్లు కాదు, మనం ఎవురమూ ఏమీ చేసినట్లు కాదు." నవ్వాడు. "ఎవురు అడిగినా ఆచారం అంటాము."

మా ఇళ్లలో ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. పలికితే మొగుడి ఆయుస్సు తరుగుతుందని నమ్మకం. ఇప్పటి పిల్లలు పేరు పెట్టి పిలుస్తారు, షర్మిళ కూడా అంతే. పాపక్క ఆ కాలపు మనిషి. నాది వెంకటాచలపతి అనే పేరు. దానివల్ల ఆమెకు దేవుడి పేరు కూడా లేకుండా పోయింది. తిరుమల పోయినప్పుడు కూడా కొండ సామీ అనే దండం పెట్టుకుంది. మాకు పాలు పోసేవాడికి నా పేరే ఉంటే వాణ్ణి పాలాయన అనేది. రేషను కార్డుకు పోతే మొగుడి పేరు అడిగిన చోట పక్కన ఉన్నవాళ్లను చూసేది, వాళ్లు చెప్పేవాళ్లు. కాన్పు ఆస్పత్రిలో నర్సు కసిరితే అరచేతిలో వేలితో రాసి చూపించింది. నామినేషను కాగితంలో ఆ గడి నేనే నింపాను. నన్ను పిలవాలంటే పాపక్క ‘షర్మిళ నాయనా’ అనేది. షర్మిళ పుట్టకముందు నాలుగేళ్లు ఏమీ అనకుండానే పిలిచింది, గాజులు కదిపి.

ముప్పై నాలుగేళ్ల అలవాటు మీద నా నలబై రెండు చెట్లను నిలబెట్టాను.

* * *

పది రోజులు చదివించాను. పొద్దున్నే, ఆమె పాలు పితికి వచ్చాక, అరుగు మీద. టార్చిలైటు చేతికిచ్చి మైకు అనుకోమన్నాను.

"కాగితంలోకి చూసి చదవొద్దు. ఒకసారి చూసి తలెత్తి చెప్పు. పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు, ఎన్ని సెంట్లు. చెప్పి మూడు లెక్కపెట్టు."

"పేరు పేరుకూ మూడు లెక్కపెట్టల్లనా?"

"పెట్టాల. జనం చెవికి ఎక్కాల కదా."

ఆమె చదివింది. ఒకటో పేరు. రెండో పేరు. కాగితం మీద వేలు కొంచెం కిందికి జారింది. నాలుగో పేరు. తడబాటు లేదు. మూడోది ఏమైందని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. మొదటి రోజు అట్లానే, పదో రోజు అట్లానే. గొంతు మాత్రం రోజు రోజుకూ నిలబడింది. వీధిలో పోయేవాళ్లు ఆగి వినేవాళ్లు. నాకు గర్వంగా కూడా ఉండింది. చేసిన వస్తువు బాగా కుదిరితే వడ్రంగికి ఉండే గర్వం.

ఏడో రోజో ఎనిమిదో రోజో, చదవడం ఆపి అడిగింది.

"షర్మిళ నాయనా, మన తోట తావ వంక ఎంత వెడల్పు ఉండె?"

"పదహారడుగులు" అన్నాను. ఆలోచించకుండా వచ్చేసింది.

"నేను కొత్తగా వచ్చినప్పుడు దాన్లో బట్టలు ఉతికినాను. మోకాలు దాకా నీళ్లు."

"అప్పటి వానలు వేరే."

"వానలు అవే ఉండాయి" అంది. మళ్లీ మొదటి నుంచి చదివింది. ఒకటి. రెండు. నాలుగు.

* * *

మే ఒకటో తేదీ. పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. మూడు వందల మంది దాకా వచ్చారు. కాలనీ ఆడవాళ్లు పనికి పోకుండా వచ్చి ముందు వరసల్లో నేల మీద కూర్చున్నారు. ఆడ ప్రెసిడెంట్ల మొగుళ్లు వేదిక మీద కూర్చోకూడదని ఆఫీసర్లు అప్పటికే కట్టడి చేశారు. నేను ఎదురుగా మొదటి కుర్చీలో కూర్చున్నాను. మాదేశన్ నా వెనక. తన కొట్టం పోతుందని తెలిసి పొద్దున్నే తాగి వచ్చాడు.

"మనోళ్లే ప్రెసిడెంటు, మన కొట్టమే పీకుతారు. ఏం న్యాయం అన్నా ఇది" అని నా చెవిలో అన్నాడు.

"ఊరి మంచి" అన్నాను.

పాపక్క లేచింది. కుర్చీ వెనక్కి తోయలేదు, నేను చెప్పినట్లే. మైకు దగ్గరికి వచ్చి కాగితం ఒకసారి చూసి తలెత్తింది.

ఒకటో పేరు. మూడు లెక్కలు. రెండో పేరు. మూడు లెక్కలు. నా కాళ్లు రెండూ నేలకు అదుముకుని ఉన్నాయి. నాలుగో పేరు, మాదేశన్. వెనక వాడు ఏదో గొణిగాడు. అయిదు. ఆరు. అప్పుడు కాళ్లు వదులయ్యాయి. భుజం మీద తుండు తీసి ముఖం తుడుచుకున్నాను. ఏడు. ఎనిమిది. తొమ్మిది. మణివణ్ణన్ పెన్నుకు మూత పెట్టాడు.

ఆమె కూర్చోలేదు.

"ఇంకొకరు ఉండారు" అంది.

కాగితంలోకి చూడలేదు. నా వైపు చూసింది. నేను కూడా ఆమెతో పాటు లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు.

"కృష్ణప్ప కొడుకు వెంకటాచలపతి. సర్వే నంబరు నూట పన్నెండు. డెబ్బై మూడు సెంట్లు. కొబ్బరి మాన్లు నలబై రెండు." తర్వాత పక్కకు తిరిగి, "మణివణ్ణన్, రాసుకో" అంది.

మా వీధి ఆడవాళ్లు ఇద్దరు కొంగు నోటికి పెట్టుకున్నారు. మణివణ్ణన్ నన్ను చూశాడు, ఆమెను చూశాడు, పెన్ను మూత తీశాడు.

నా పేరు పొడుగు పేరు. ఎప్పుడూ పలకని నోటికి ఎక్కడో ఒకచోట తడబడాలి. తడబడలేదు. ఎక్కడో ఒంటరిగా పలికి పలికి చూసుకుని ఉండాలి. పశువుల కొట్టంలోనో, పొయ్యి దగ్గరో. ఆ పది రోజుల్లోనో, ముప్పై నాలుగేళ్లుగానో. నాకు తెలియదు.

"ఒప్పుకొన్నోళ్లు చెయ్యెత్తండి" అంది.

ఆడవాళ్లు ఎత్తారు. మొగవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఎత్తారు. నేను వెనక్కి తిరిగాను. మాదేశన్ చెయ్యి పైన ఉంది.

"నీ కొట్టం కూడా పోతాది కదరా" అన్నాను.

"మీ చెట్లే పోతావుంటే నా కొట్టానిది ఏముందన్నా" అన్నాడు. వాడి మత్తు దిగిపోయింది. నాతో అంత మర్యాదగా వాడు మాట్లాడింది అదే మొదలు.

* * *

ఆ రోజు ఇంటికి వచ్చాక ఆమె అన్నం వడ్డించింది. తిన్నాను. మాట్లాడలేదు. మరునాడు మాట్లాడలేదు. మాట్లాడకూడదని ప్రమాణం ఏమీ చేసుకోలేదు. నోరు తెరవలేదు, అంతే.

నాలుగో రోజు నేను తింటుండగా వెనక నుంచి అంది. "మీరు చదవమంటిరి. చదివితిని."

నేను మజ్జిగ పోసుకున్నాను.

"పేరు చెప్పితే ఆయుస్సు పోతాదంటారు. అదొక్కటే నాకు బయం ఉండె. మారెమ్మ దగ్గర మొక్కుకొని చెప్పినాను, తగ్గించేది నాది తగ్గించు తల్లీ అని. మీకేమీ కాదు."

చెయ్యి కడుక్కుని బయటికి పోయాను.

మే నడుమ జేసీబీ వచ్చింది. రెండు రోజుల్లో నలబై రెండు చెట్లు కూల్చారు. కొబ్బరి చెట్టు పడితే చప్పుడు తక్కువ. మట్టలు ముందు తగులుతాయి, తర్వాత మాను. నేను మిద్దె మీద నుంచి ప్రతి ఒక్కటీ చూశాను. ఆ తర్వాత నూరు రోజుల పని కింద కాలనీ ఆడవాళ్లు వంక తవ్వారు. పాపక్క పదహారడుగుల తాడు పట్టుకుని ముందు నడిచేది. ఒక కొస తనది, ఒక కొస మారియాయిది. తాడు వంగితే ఆగేది. ఆమె ఆగితే వెనక ఎనబై పారలు ఆగేవి. ఆమె ఏమీ అనేది కాదు. అట్లా ఆగడం నేను నేర్పలేదు. నేను నేర్పినవి ఏవి, ఆమెకు ముందే ఉన్నవి ఏవి అని మిద్దె మీద కూర్చుని వేరు చేసి చూసుకునేవాణ్ణి. కుర్చీ నాది. ఆ మూడు లెక్కలు నావి. మిగతావి ఎవరివో తెలియలేదు.

జూన్ చివర ఒక రాత్రి కొండ మీద వాన పడింది. పొద్దున్నే వంకలో నీళ్లు వచ్చాయి. మా తోట దాటి, చెట్లు పోయిన చోటు దాటి, చెరువులోకి పోయాయి. కాలనీ అంతా గట్టు మీద ఉంది. పాపక్క తడి కాళ్లతో ఇంటికి వచ్చి గడప దగ్గర నిలబడింది. ఎడమ చెయ్యి రొమ్ము మీద ఉంది. మెట్టు ఎక్కడానికి రెండుసార్లు ఊపిరి తీసుకుంది. ముఖం బూడిద రంగులో ఉంది. నేను చూశాను. ఏమైంది అని అడగాలంటే నోరు తెరవాలి. తెరవలేదు. ఆమె కాసేపు నా వైపు చూసి లోపలికి పోయింది.

ఆ తర్వాత కూడా రెండుసార్లు చూశాను. ఒకసారి పాలబిందె దించుతూ. ఒకసారి షర్మిళతో ఫోనులో, బాగానే ఉండాను అని చెబుతూ.

జూలైలో, ఆడి నెల మొదటి వారంలో ఒక పొద్దున పాలు పితికి వచ్చి అరుగు మీద కూర్చుంది. లేవలేదు. ధర్మపురి ఆస్పత్రికి తీసుకుపోయేలోపే అయిపోయింది. గుండె కవాటం చాలా రోజులుగా పాడై ఉందని, ముందే తీసుకొచ్చి ఉంటే మందులతో నడిచేదని డాక్టరు చెప్పాడు. మొక్కు సంగతి నేను నమ్మను. డాక్టరు చెప్పిందే నమ్ముతాను. అది మొక్కు కంటే నాకు ఏమీ మేలు కాదు.

లెక్కపెడితే ఆమెతో ఎనబై రెండు రోజులు మాట్లాడలేదు.

* * *

శవాన్ని వాకిట్లో పడుకోబెట్టారు. జనం వచ్చారు. అరుగు మీద మొగవాళ్లు మెల్లగా మాట్లాడుకుంటున్నారు, నాకు వినబడదనుకున్నారు.

"పుట్టుకలోనే ఉండె ఆయమ్మకు" అన్నాడు మాదేశన్.

"ఎక్కడిది? ఆయన తయారు చేసినాడు" అన్నాడు మణివణ్ణన్. "పది దినాలు కూర్చోబెట్టి చదివించలే? నేను చూసినాను కదా."

నా మీద గౌరవంతో అన్నాడు పాపం. మాదేశన్ మాట నిజమైతే, అంత మనిషిని ముప్పై నాలుగేళ్లు పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది నేను. మణివణ్ణన్ మాట నిజమైతే, నా చెట్లు నరికించింది నేను. వాళ్లు ఏదైనా తేల్చుకోనీ అని అక్కడి నుంచి లేచాను.

కొడుకు లేడు కాబట్టి నిప్పుకుండ నా చేతికి ఇచ్చారు. మాలో ఆడవాళ్లు శ్మశానానికి రారు, వీధి చివర ఆగి తిరిగిపోతారు. కుండ పట్టినవాడు ముందు నడవాలి, వెనక్కి చూడకూడదు. వీధి చివరికి వచ్చేసరికి కాలనీ ఆడవాళ్లు అక్కడ నిలబడి ఉన్నారు. నూరుమందికి పైనే. మారియాయి ముందు ఉంది.

"ఆడవాళ్లు ఇక్కడ నిలవాల" అన్నాను. ఎనబై రెండు రోజులుగా గట్టిగా పలకని ఆ గొంతు నాకే కొత్తగా వినబడింది.

"సరే అయ్యా" అంది మారియాయి. తల వంచి పక్కకు జరిగి పాడెకు దారి ఇచ్చింది.

నేను నడిచాను. పాడె నా వెనక వచ్చింది. పాడె వెనక అడుగులు మొదలయ్యాయి. మొగవాళ్ల చెప్పుల చప్పుడు కాదు అది. ఉత్త కాళ్లు, మట్టెలు, గాజులు. ఒకరూ ఆగలేదు. షర్మిళ ఏడుపు కూడా అందులో వినబడింది. ఆగండి అని ఇంకొకసారి అనడానికి నోరు తెరిచి, మూసుకున్నాను.

వంక దాటాం. కొత్తగా తవ్విన గట్టు మీద దారి ఇరుకు. వెనక ఎంతమంది ఉన్నారో చూడకుండానే తెలిసింది, నేల అదురుతోంది. రెండుసార్లు ఓట్లు అడిగాను, ఊరేగింపులు నడిపాను. నా జన్మలో నా వెనక అంతమంది నడిచింది ఆ ఒక్క రోజే. నేను దారిలో ఆగిపోయి ఉంటే, నన్ను పక్కకు జరిపి ఆమె వెనక పోయేవాళ్లు.